ముందు చెయ్యి, తరువాత ఈల

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు కుంభారి బస్సు అశోక్ చౌక్‌లో ఆగింది. సత్తెవ్వ దిగింది. నేను రోడ్డు దాటి ఎదురు వెళ్లాను. ఆమె భర్త అంబాదాస్ ఒకప్పుడు మా దాజీ పేట్ ఫుట్‌బాల్ క్లబ్బుకు కెప్టెన్. అతను ఆడిన మ్యాచుల్లో చాలావాటికి నేను రిఫరీని. అతను పోయి, పదోనాడు కూడా అప్పుడే అయిపోయింది.

"ఏంది మాస్తర్, నువ్వొచ్చినవ్? క్లబ్బుకు తొవ్వ నాకు ఎర్కలేదా?" అంది సత్తెవ్వ.

"తొవ్వ కోసం రాలే వదినె. ఒక్కదానివి వస్తవని వచ్చిన."

ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పాలంటే ముందు నా పని గురించి కొంత చెప్పాలి. ఈ మధ్య ఈ మరాఠీ ఊళ్లోని మన తెలుగు పేటల నుంచి కొందరు పిల్లలు రిఫరీ పరీక్ష పాసయ్యారు. వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. పని ఎట్లుంటుందో రాసిమ్మని అడిగారు. నియమాలు వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. అందుకని నియమాల పుస్తకంలో లేనివి మాత్రమే రాస్తున్నాను.

ఆదివారం పని

నాకు జీతం ఇచ్చింది మునిసిపల్ బడి. డ్రిల్ మాస్టరుగా చేరి, డ్రిల్ మాస్టరుగానే బయటికి వచ్చాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నా పని అని నేను అనుకున్నది ఆదివారం చేసేది.

రిఫరీని చూడటానికి ఎవరూ మైదానానికి రారు. ఇంటికి పోయేటప్పుడు ఈ రోజు రిఫరీ ఎవరని జనానికి గుర్తు లేకపోతే మ్యాచ్ బాగా నడిచినట్టు. ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది. కొత్తవాళ్లు ఈల గట్టిగా ఊదుతారు, కార్డు ఎత్తి చాలాసేపు పట్టుకుంటారు. రెండు మూడేళ్లకు ఆ సరదా తీరిపోతుంది. తీరకపోతే ఈ పని మానుకోవడం మంచిది.

ఇక తిట్లు. నేను మన పేటలోనే పుట్టినవాణ్ని. మా నాన్న చేమగ్గం నేసేవాడు. అందుకని మనవాళ్లు "మనోడై ఉండి గిట్ల చేస్తడా" అనేవాళ్లు. అవతలివాళ్లు "వాళ్లోడే గదా, ఇంకెట్ల చేస్తడు" అనేవాళ్లు. రెండు వైపుల నుంచీ సమానంగా పడిన రోజు ఇంటికి నిమ్మళంగా పోయి అన్నం తినేవాణ్ని.

జోషీ సార్

నాకు పని నేర్పింది జోషీ సార్. పాత రిఫరీ. మరాఠీ మనిషి. నిజాయితీ విషయంలో ఆయనను వేలెత్తి చూపడానికి లేదు. ఒకసారి ఆయన సొంత అన్న కొడుకు ఆడుతున్న జట్టు మీద పెనాల్టీ ఇచ్చి, ఆ ఇంట్లో పెండ్లికి పిలుపు లేకుండా చేసుకున్నాడు. పెండ్లి జరుగుతున్న గల్లీలోంచే సైకిలు మీద మైదానానికి వచ్చాడు. నాతో ఆ సంగతి చెప్పలేదు. వేరేవాళ్లు చెప్పారు.

ఆయన చెప్పినవాటిలో ఒక మాట ఇప్పటికీ పాటించదగ్గది. మైదానంలో ఆటగాడు నీతో అన్న మాట మైదానం గీత దాటి బయటికి రాకూడదు. ఆటగాడు నొప్పిలో, కోపంలో, భయంలో ఏదైనా అంటాడు. దాన్ని టీ బండి దగ్గర చెప్పే రిఫరీని మళ్లీ ఎవరూ నమ్మరు.

ఆయన తప్పు కూడా చెప్పాలి. ఆయనకు ఈల అంటే చట్టం. ఈల పడ్డాక బంతిని తన్నినవాడు తనను ధిక్కరించినట్టే. మన పేట జట్టులో సగం మంది సాంచాల మీద పనిచేసేవాళ్లు. కరెంటు మగ్గాన్ని మనం సాంచా అంటాం. సాంచాల షెడ్డులోకి ఒక్కసారి పోయినవాళ్లకు తెలుస్తుంది, అక్కడ పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడదు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులో ఉన్న చెవులు మెల్లమెల్లగా మందగిస్తాయి. ముందు పోయేది సన్నని శబ్దం. ఈల సన్నని శబ్దమే.

అలా ఈల వినబడక బంతి వెంట పరుగెత్తిన ఒక కుర్ర డిఫెండర్‌ను జోషీ సార్ బయటికి పంపేశాడు. ఆ కుర్రాడు ఎందుకు పంపారో అర్థంకాక గీత దగ్గర నిలబడి అందరి ముఖాలూ చూశాడు. ధిక్కరించినవాడి ముఖం అలా ఉండదు. నేను లైన్స్‌మన్‌గా జెండా పట్టుకుని దగ్గరే ఉన్నాను. మ్యాచ్ అయ్యాక సార్‌తో చెప్పాను. "చెవులు పనిచేయకపోతే డాక్టరు దగ్గరికి పొమ్మను, మైదానానికి ఎందుకు?" అన్నాడు.

ఆ తర్వాత నేను సొంతంగా మ్యాచులు నడిపినప్పుడు ఒక అలవాటు చేసుకున్నాను. ముందు చెయ్యి ఎత్తేవాణ్ని, తరువాత ఈల ఊదేవాణ్ని. రెండింటి మధ్య క్షణం కూడా ఉండదు. వినబడనివాళ్లు చేతిని చూసి ఆగుతారు. రెండు జట్లకూ అదే చెయ్యి. జోషీ సార్ అది చూసి "నువ్వు ఎప్పటికీ డ్రిల్ మాస్టరువే" అన్నాడు. నా పద్ధతి సరైనదని ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన మీద నాకున్న గౌరవమూ తగ్గలేదు.

నాకు తెలిసిన కెప్టెన్లు

అభిమానులకు కెప్టెన్ అంటే గోల్, కప్పు, ఊరేగింపు. రిఫరీకి కెప్టెన్ వేరుగా తెలుస్తాడు. మా రోజుల్లో ఆటగాళ్లలో రిఫరీతో మాట్లాడే హక్కు అతనికి ఒక్కడికే ఉండేది. అతను దగ్గరికి వచ్చి ఏమంటాడు, ఎంత దూరంలో నిలబడతాడు, చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు, ఇవి చూస్తే మనిషి తెలిసిపోతాడు.

పెద్ద నర్సయ్య ప్రతి తీర్పుకూ వాదించేవాడు. గొంతు మైదానం ఆ చివరికి వినబడేది. కానీ ఒకసారి అతని ఆటగాడు కావాలని అవతలి పిల్లవాడి కాలు మీద తొక్కితే, నేను జేబులో చెయ్యి పెట్టేలోపే నర్సయ్య ఆ ఆటగాడి రెక్క పట్టుకుని గీత అవతల వదిలేసి వచ్చాడు. "నువ్వేం రాసుకుంటవో రాస్కో. వీడైతే ఇయ్యాల ఆడడు" అన్నాడు.

విఠల్ అందగాడు. మా క్లబ్బుకు అంతమంది అభిమానులు రావడానికి అతనే కారణం. పది మందిని దాటుకుని గోల్ కొట్టి, జనమంతా కేకలు వేస్తుంటే నా దగ్గరికి వచ్చి "సార్, టైమెంతైంది?" అని మెల్లగా అడిగేవాడు. షిఫ్టుకు ఆలస్యమైతే సాంచా ఇంకొకరికి ఇచ్చేస్తారని అతని భయం. జనం కేకలు వేస్తున్న ఆటగాడు పని పోతుందని భయపడుతున్న సంగతి మైదానంలో నాకొక్కడికే తెలుసు.

మూడోవాడు అంబాదాస్.

అతను మాట్లాడేవాడు కాదు. మైదానం మధ్యలో ఉండి, ముఖం ఎప్పుడూ నా వైపు ఉండేలా ఆడేవాడు. తన వాళ్లకు చేతులతో చెప్పేవాడు. వేళ్లు ముడిస్తే దగ్గరికి రమ్మని, అరచెయ్యి చూపిస్తే ఆగమని. సాంచాల దగ్గర వాడే సైగలే అవి. అవతలి జట్లకు అర్థం కావు కాబట్టి మావాళ్లు తెలివైన ఎత్తు అనుకున్నారు. చిన్నపిల్లలు గల్లీల్లో ఆ సైగలు చేస్తూ ఆడేవాళ్లు.

ఒక మ్యాచులో లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. నేను అంబాదాస్‌కు వెనుక ఉన్నాను. ఈల ఊదాను. అందరూ ఆగిపోయారు. అంబాదాస్ ఒక్కడే బంతి తీసుకుపోయి గోల్‌లో వేశాడు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ కదలడం లేదు. జనం నవ్వారు. అతను నా చేతిని చూశాడు. తర్వాత ఏమీ జరగనట్టు బంతి తెచ్చి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాడు.

మ్యాచ్ అయ్యాక నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటూ నా ముఖంలోకి చూసి అన్నాడు:

"మాస్తర్, నీకు ఎర్కైంది గదా."

"ఏమెర్కైంది?" అన్నాను.

అతను నా పెదవుల వైపు చూసి నవ్వాడు. "గంతే. గట్లనే ఉండనియ్యి."

కెప్టెన్‌కు రిఫరీ మాట వినబడాలి. వినబడదని తెలిస్తే కెప్టెన్సీ ఇంకొకరికి పోతుంది. అందుకే దాచాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ ఫైనల్

మా క్లబ్బు అధ్యక్షుడిని అందరూ సేఠ్ అనేవాళ్లు. సాంచాల యజమాని. ఒక ఫైనల్‌లో విరామం సమయంలో ఆయన స్నేహితులను వెంటబెట్టుకుని మైదానంలోకి వచ్చాడు. "అంబాదాస్, ఇట్రా" అని పిలిచాడు. అంబాదాస్ ఆయనకు వీపు చేసి నిలబడి ఉన్నాడు. మళ్లీ పిలిచాడు. అంబాదాస్ తన గోల్‌కీపర్ దగ్గరికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. జనమంతా చూశారు. సేఠ్ ముఖం ఎర్రబడింది.

ఆ మ్యాచ్ మావాళ్లే గెలిచారు. కానీ తర్వాతి సీజన్‌కు కెప్టెన్ మారాడు. అంబాదాస్ ఇంకొంత కాలం మామూలు ఆటగాడిగా ఆడి మానేశాడు. ఆ పూటతో అతనికి పొగరుబోతు అనే పేరు వచ్చింది. అభిమానులకు కూడా పాత కోపాలు గుర్తొచ్చాయి. గీత దగ్గర నుంచి పేరుపెట్టి పిలిస్తే చూడడని, గెలిచాక చప్పట్లు కొడితే తలెత్తడని.

ఇందులో నాకు ఇప్పటికీ వింతగా ఉండేది ఒకటుంది. సాంచాల దగ్గర ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు. దగ్గరికి పోయి భుజం తడతారు. పిలిస్తే పలకలేదని షెడ్డులో ఎవరికీ కోపం రాదు. అవే మనుషులు ఆదివారం మైదానం అంచున నిలబడి నోటితో పిలిచి, తిరిగి చూడలేదని కోపం తెచ్చుకున్నారు. చెవులు పోవడం మన దగ్గర ఎంత మామూలు సంగతంటే, అది కారణం అయి ఉండొచ్చని ఒక్కరికీ తట్టలేదు.

అంబాదాస్ కుటుంబం తర్వాత కుంభారి కాలనీకి వెళ్లింది. అక్కడ సత్తెవ్వ బీడీలు చుట్టేది. ముసలితనంలో అతనికి వినబడటం లేదని పేటలో విన్నారు. ఆ వయసుకు అందరికీ వచ్చేదే కదా అనుకున్నారు.

క్లబ్బు గదిలో

మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కెప్టెన్‌గా చేసినవాడు పోతే, పదోనాడు దాటాక అభిమానులు క్లబ్బు గదిలో కూర్చుంటారు. మధ్యలో చాదర్ పరిచి ఫోటో పెడతారు. ఒక్కొక్కరు తాము చూసింది చెబుతారు. మంచీ చెబుతారు, చెడూ చెబుతారు. చెడు దాచిన సంతాపం అబద్ధమని మా పెద్దలు అనేవాళ్లు. ఆ పూట ఎవరూ కాదనకుండా మిగిలిన మాట ఆ మనిషి పేరుతో ఉండిపోతుంది. దాన్ని మార్చడానికి మళ్లీ కూర్చోరు. ఇంటివాళ్లు వస్తారు కానీ సాధారణంగా మాట్లాడరు.

అందుకే సత్తెవ్వ వచ్చింది. అశోక్ చౌక్ నుంచి దాజీ పేట్‌కు నడుస్తూ అడిగింది:

"ఇయ్యాల గూడ పొగరుబోతు అంటరా, మాస్తర్?"

"అంటరు వదినె."

కొంతదూరం నడిచాక "నేను చెప్పనా?" అని అడిగాను.

"నువ్వొద్దు. నువ్వు చెప్తే రిఫరీ ఇంకొక తీర్పిచ్చిండంటరు. మల్ల నీతోనే కొట్లాడుతరు."

"మరి నువ్వు?"

"చెప్పనని మాటిచ్చిన ఆయనకు. సూస్త."

గదిలో పాతవాళ్లు, కొంతమంది కొత్తవాళ్లు కూర్చున్నారు. మొదట మామూలుగానే వాదన మొదలైంది, కెప్టెన్లలో ఎవరు గొప్ప అని. నర్సయ్య అన్నారు. విఠల్ అన్నారు. విఠల్ కొట్టిన ఒక గోల్ గురించి ఇద్దరు ముసలివాళ్లు కుడికాలా ఎడమకాలా అని పోట్లాడుకున్నారు.

"కుడికాలు! నా కండ్ల ముందల!"

"నీ కండ్లకు అప్పుడే మోతిబిందు పొర ఉండె, బైటికి చెప్పకపోయేటోనివి."

అందరూ నవ్వారు. తర్వాత అంబాదాస్ మీదికి మాట వచ్చింది. ఒకతను అతని సైగల గురించి చెప్పాడు. ఒకతను చెప్పాడు, తన తండ్రి చనిపోయినప్పుడు అంబాదాస్ అడగకుండానే వచ్చి తన సాంచా నడిపాడని. సత్తెవ్వ తలవంచుకుని విన్నది.

అప్పుడు మల్లేశం మామ లేచాడు. మిల్లులో మగ్గాలు బాగుచేసే జాబర్‌గా చేసినవాడు. క్లబ్బు ఆడిన ఏ మ్యాచూ వదలని మనిషి. గీత దగ్గర నిలబడి అరవడంలో అతన్ని మించినవాళ్లు లేరు.

"నేను సాఫ్ చెప్త. అంబాదాస్ అసొంటి ఆటగాడు ఈ పేట్‌ల పుట్టలే. నర్సయ్యకన్న, విఠల్‌కన్న పెద్ద కెప్టెన్. కానీ మనిషికి పొగరు. మనం గొంతు సించుకున్నా మన దిక్కు సూడకపోయేటోడు. పిలిసిన సేఠ్‌కు వీపు చూపిచ్చిండు. మనమేందిరా, వాని కండ్లకు కనబడమా? గా ఒక్కటి లేకుంటే వాణ్ని దేవుడనేటోణ్ని."

కొందరు తలలూపారు. ఎవరూ కాదనలేదు. మల్లేశం మామ కూర్చోబోయాడు.

"నేనొకటి చెప్పొచ్చా?" అంది సత్తెవ్వ.

కూర్చోబోతున్నవాడల్లా ఆగి మల్లేశం మామ "చెప్పు బిడ్డా" అన్నాడు.

"ఆయనకు ఇనబడకపోయేది."

"ముసలోళ్లకందరికీ..."

"ముసలితనంల కాదు మామా. నన్ను చేసుకున్నప్పుడే ఇనబడకపోయేది. ఇంట్ల నేను ఎన్నడు పేరు పెట్టి పిలువలే. బీడీలు చుట్టుకుంట తునికాకు ముక్క ఇసిరేటిదాన్ని. మీద వడితే తిరిగి సూసేటోడు. మైదాన్‌ల ఊదే సీటీ గూడ ఇనబడకపోయేది. గీ మాస్తర్ చెయ్యి సూసుకుంట ఆడిండు."

అందరూ నా వైపు తిరిగారు. నేను అవునన్నట్టు తలూపాను.

"సేఠ్ పిలిసిండని ఆయనకు ఇంటికొచ్చినంక తెలిసింది. పొయ్యి సేఠ్‌కు చెప్పమన్న. చెప్తే కెప్టెన్‌గిరీ పోతదన్నడు. చెప్పలే. అయినా పాయె."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది.

"కెప్టెన్‌గిరీ పోయినంక నేనన్న, ఇంకేముంది, ఇప్పుడన్న చెప్పు అని. చెప్తే అందరు జాలిపడ్తరు, పొగరుబోతు అంటేనే మంచిగుంది అన్నడు. నాతోని మాట తీసుకున్నడు. ఆయనకు మంచిగుండె. నాకు మంచిగ లేకుండె. ఇయ్యాల మాట తప్పిన. ఆయన అడుగుతే నేను చెప్పుకుంట."

మల్లేశం మామ ఇంకా నిలబడే ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమెను అడిగాడు:

"మరి బిడ్డా... గీత కాడ నిలబడి నేను ఇన్నేండ్లు తిట్టిన తిట్లు?"

"ఇనలే మామా."

"ఒక్కటన్న?"

"ఒక్కటి గూడ."

"అరె దేవా," అన్నాడు మల్లేశం మామ. "ఎంత మెహనత్ చేసి తిట్టిన!"

ముందు సత్తెవ్వ నవ్వింది. ఆమె నవ్వాక గదిలో అందరూ నవ్వారు. మల్లేశం మామ నవ్వలేదు. ఫోటో ముందు కూర్చుని రెండు చేతులూ చాదర్ మీద ఆనించాడు. తర్వాత మా వైపు తిరిగి, "రాస్కోండ్రి. నా మాట వాపస్ తీసుకున్న" అన్నాడు. అక్కడ రాసుకునేవాళ్లు ఎవరూ లేరు. అందరూ విన్నారు.

జాలి గురించి అంబాదాస్ భయపడ్డాడు. ఆ గదిలో నాకు జాలి కనబడలేదు. వినబడకుండా అంత ఆట ఎట్లా ఆడాడని ముసలివాళ్లు ఒక్కో మ్యాచూ మళ్లీ తవ్వి తీశారు. ఆ సైగ ఎప్పుడు చేశాడు, ఆ బంతి వస్తున్నట్టు ఎట్లా తెలిసింది అని మళ్లీ పోట్లాట మొదలైంది. ఎవరు గొప్ప కెప్టెన్ అన్నది ఆ రోజు కూడా తేలలేదు. సత్తెవ్వ చివరిదాకా కూర్చుంది. ఆరున్నర బస్సు పోతుందని నేనే గుర్తు చేశాను.

కొత్త రిఫరీలకు చెప్పాల్సింది ఇంకొకటే ఉంది. మీరు పిలిచినప్పుడు ఆటగాడు తిరిగి చూడకపోతే, కార్డు తీసే ముందు అతని ఎదుటికి నడిచి వెళ్లండి. మైదానం అంత పెద్దదేమీ కాదు.

మొన్న క్లబ్బు గది ముందు నుంచి పోతుంటే లోపల కుర్రవాళ్లు కెప్టెన్ల మీద వాదించుకుంటున్నారు. కాసేపు నిలబడి విన్నాను. దాజీ పేట్‌లో ఇప్పుడు అంబాదాస్‌ను ఎవరూ పొగరుబోతు అనడం లేదు.